కటింగ్ బల్ల మీద నీళ్లు

మా బావ కుట్టుకొట్లో రెండే చట్టాలు. ఒకటి, కటింగ్ బల్ల దగ్గరికి నీళ్లు రాకూడదు. రెండు, శాటిన్ కోస్తున్నంతసేపూ ఫ్యాను తిరగకూడదు. ప్రభుత్వాలు చేసిన చట్టాలైనా మారతాయేమో గానీ ఇవి మారవు. పంతొమ్మిదేళ్లుగా ఆ కొట్లో కాజాలు, గుండీలు, అంచుల పని చేస్తున్నదాన్ని, నాకు తెలియదా?

ఊరికే పుట్టిన చట్టాలు కావవి. మా బావ పని నేర్చుకునే రోజుల్లో, ఎవరో సగం తాగి బల్ల మీద పెట్టిన నీళ్ల గ్లాసుకి ఈయన మోచెయ్యి తగిలి, నీళ్లన్నీ ఒకాయన పట్టుబట్ట మీద ఒలికాయట. బట్ట నిండా మరకలు. పని నేర్పే మాస్టారు చెంప మీద ఒక్కటిచ్చి, "దాహమేస్తే కిందికి పోయి తాగు" అన్నాడట. ఆ మాస్టారు పోయి పన్నెండేళ్లయింది. మా బావ మాత్రం ఇంకా కిందికి పోతూనే ఉన్నాడు. ఇక ఫ్యాను సంగతంటారా, శాటిన్ జారుడు బట్ట. పొరలు పొరలుగా పరిచి కోసేటప్పుడు కాస్త గాలి తగిలినా పై పొర పక్కకు జరిగిపోతుంది, గౌను వంకరపోతుంది.

కొట్టంటే మేడ మీద ఒక్క గది. పైన రేకులు. కింద గడియారాలు బాగుచేసే తాత దుకాణం. మధ్యలో ఇరవై రెండు మెట్లు. మెట్ల కింద నీళ్ల కుండ, దాని పక్కన కుళాయి. మామూలు రోజుల్లో దాహమేస్తే దిగి తాగి రావడం పెద్ద కష్టమేం కాదు. తాతతో నాలుగు కబుర్లు కూడా అయ్యేవి.

నేను చెప్పేవి మామూలు రోజులు కావు. వడగాలులు మొదలై నాలుగో రోజు. పన్నెండు నుంచి నాలుగింటి దాకా ఎవరూ బయట తిరగొద్దని, దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండమని పొద్దున్నే రేడియోలో చెప్పారు. మా బావ సుద్దముక్కకి మొన తీసుకుంటూ అంతా విన్నాడు.

"విన్నావా టపాకాయా? బయట తిరక్కూడదట. మనం నీడ పట్టునే ఉన్నాంగా. అదృష్టవంతులం" అన్నాడు.

టపాకాయ అంటే నేనే. మా అక్క పెళ్లయిన కొత్తలో ఆయన పెట్టిన పేరు. చిన్నదానికీ పెద్దదానికీ కోపం తెచ్చుకుంటాను గానీ, ఆ పేరుకి మాత్రం ఎన్నడూ తెచ్చుకోలేదు.

నీడ పట్టున ఉన్నామట! ఆ రేకుల కింద గోడ మీద చెయ్యి వేస్తే చుర్రుమంటోంది. కత్తెర పట్టుకుంటే కాలుతోంది. ఇస్త్రీపెట్టెకి కరెంటు దండగ అనిపించింది. నిజానికి బయట చెట్టు కింద నిలబడినవాడే మాకంటే సుఖంగా ఉన్నాడు.

పని ఆపడానికి లేదు. నాట్యం నేర్పే టీచరమ్మ పిల్లల ప్రదర్శన కోసం ముప్పై గౌన్లకి చెప్పింది. లేత నీలం శాటిన్. నీటి చుక్క పడితే చాలు, మచ్చ పడిపోయే రకం. ఆదివారానికి ఇస్తానని మాటిచ్చాడు బావ.

ఆ పొద్దున నేను ఇంటి నుంచి పెద్ద సీసా నిండా నీళ్లు తెచ్చాను. గుమ్మంలోనే పట్టుబడ్డాను.

"ఏంటది?"

"సీసా."

"నాకూ కళ్లున్నాయి. పైకెందుకు తెచ్చావ్?"

"తాగడానికి బావా. బల్ల మీద పెట్టన్లే, ఆ మూలకి పెడతా."

"మూల నుంచి బల్ల మీదికి రావడానికి దానికెంతసేపు? కింద పెట్టిరా."

"పోనీ ఫ్యానైనా వేస్తావా?"

"వేస్తా. కోత అయిపోగానే."

"ఎప్పటికవుతుంది?"

"సాయంత్రానికి."

"యాభై ఎనిమిదేళ్లొచ్చాయి, బీపీ బిళ్లలు మింగుతున్నావ్. ఒంటి మీద ధ్యాస ఉందా నీకు? సరే, నువ్వూ నీ బల్లా! ఎండి వరుగైపో. నాకేం?"

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వెనక్కి తీసుకోవడానికి మాటేం కుట్టు కాదు, తప్పయితే విప్పేసుకోవడానికి. సీసా పట్టుకుని దబదబా మెట్లు దిగిపోయాను.

తర్వాత అలక మొదలుపెట్టాను. కిటికీ దగ్గర నా పీట మీద, ఆయనకి వీపు పెట్టి కూర్చుని కాజాలు కుట్టాను. గంటకోసారి కిందికి దిగి రెండేసి గ్లాసులు తాగి వచ్చాను, చూసి బుద్ధి తెచ్చుకుంటాడని. ఆయన పదింటికి ఒక్కసారి దిగాడు. ఆ తర్వాత దిగలేదు. దిగినప్పుడల్లా పరిచిన పొరలు వదిలి రావాలి, చేతులు ఆరబెట్టుకోవాలి, మళ్లీ లెక్క చూసుకోవాలి. అదంతా ఎందుకని మానేశాడు.

అన్నం డబ్బా తెరిచి రెండు ముద్దలు తిని మూసేశాడు. తలనొప్పిగా ఉందన్నాడు, నాతో కాదు, గోడతో. ఒకసారి వంగి పిక్క పట్టుకుని రుద్దుకున్నాడు. ఇవన్నీ నేను చూశాను. అలకలో ఉన్న మనిషి అన్నీ చూస్తుంది, ఏదీ అడగదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు తగిలించుకోవాలనిపిస్తుంది.

రెండున్నరకి కింద తాత అడిగాడు. "మీ బావ దిగలేదేం ఇవాళ?"

"పౌరుషం" అన్నాను, గ్లాసు బోర్లించి.

పైకి వచ్చాను. మా బావ భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉంటుంది. చెమట చుక్క బట్ట మీద పడకుండా ఐదు నిమిషాలకోసారి మొహం, చేతులు తుడుచుకుంటాడు. మధ్యాహ్నానికి అది పిండితే బకెట్టు నిండేంత తడిసిపోతుంది. దాన్ని కుళాయి కింద జాడించి తేవడం నా పని. పంతొమ్మిదేళ్ల అలవాటు, అలకలో కూడా ఆగదు. మాట్లాడకుండా వెళ్లి ఆయన భుజం మీద నుంచి తువ్వాలు లాగాను.

పొడిగా ఉంది.

చెమ్మగా కూడా లేదు. తీగ మీద ఆరేసి తీసినట్టుంది. ముందు నా తెలివితక్కువ బుర్ర ఏమనుకుందో తెలుసా? పోనీలే, ఇవాళ చెమట పట్టలేదు, చల్లగానే ఉన్నట్టున్నాడు అనుకుంది. ఆ తర్వాత బల్ల వంక చూశాను. నీలం బట్ట మీద సుద్ద గీత భుజం దగ్గర మొదలై, నడుము దాకా రాకుండానే పక్కకు తిరిగి, అంచు దాటి చెక్క మీదికి వెళ్లిపోయింది. మా బావ గీత తప్పడం నేను అప్పటిదాకా చూడలేదు. మొహం చూస్తే కందగడ్డలా ఉంది. చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతోంది.

"బావా."

నా వైపు తిరిగాడు. ఎంతో మర్యాదగా నవ్వాడు.

"కూర్చోండమ్మా. కొలతలు ఇచ్చారా మీరు?"

 ఎంత తిట్టినా ఓర్చుకునేదాన్ని, 'మీరు' అన్నాడు నన్ను. టేపు కోసం మెడ తడుముకున్నాడు. మోకాళ్లు వంగిపోయాయి. నేను నడుం పట్టుకున్నాను కాబట్టి నేల మీద పడలేదు, బల్ల మీద పడ్డాడు. కాళ్లు కూడా ఎత్తి పైకి చేర్చాను. లేత నీలం శాటిన్ మీద బారుగా పడి ఉండిపోయాడు.

"తాతా! పైకి రా! నీళ్లు తీసుకురా!" అని నేను పెట్టిన కేకకి వీధి వీధంతా బయటికి వచ్చి ఉంటుంది. ఫోను తీసి అంబులెన్సుకి చేశాను. అటువైపు ఎవరో అమ్మాయి, కంగారు లేని గొంతు. ఏం జరిగిందో అడిగి, వాళ్లు బయల్దేరారని, పదిహేను నిమిషాలు పడుతుందని, వాళ్లొచ్చేదాకా చల్లబరుస్తూనే ఉండాలని చెప్పింది.

"చొక్కా తీసేయండి. ఒళ్లంతా నీళ్లతో తడపండి. గాలి బాగా తగలాలి, ఫ్యాను ఉందా?"

ఉంది. ఆగి ఉంది. స్విచ్చు వేశాను. పైనున్న పొరలు లేచి గదంతా ఎగిరాయి.

తాత బకెట్టుతో వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, ఆ మెట్లెలా ఎక్కాడో ఆయనకే తెలియాలి. రాగానే చెంబుతో ముంచి బావ నోట్లో పొయ్యబోయాడు. నేనూ అదే చేసేదాన్నే. ఫోనులో అమ్మాయి అరిచినంత పని చేసింది.

"నోట్లో వద్దు! స్పృహ సరిగా లేని మనిషికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒంటి మీద పొయ్యండి. మెడకి, చంకల్లో, గజ్జల్లో తడిబట్టలు పెట్టండి."

చొక్కా విప్పడానికి గుండీలతో కుస్తీ పట్టే ఓపిక లేదు. ఆయన కత్తెరతోనే నిలువునా కోసేశాను. తర్వాత బకెట్టు ఎత్తాను. బల్ల మీద నీళ్లు, కటింగ్ బల్ల మీద, శాటిన్ మీద. ఒక్క క్షణం, నిజం చెబుతున్నాను, చెయ్యి ఆగింది. పంతొమ్మిదేళ్ల భయం అది. ఆ వెంటనే బకెట్టంతా గుండెల మీద కుమ్మరించాను.

శాటిన్ నీళ్లు పట్టదు, జారవిడుస్తుంది. అందుకని గౌన్ల లోపల వెయ్యడానికి తెచ్చిన నూలు లైనింగు తాను చింపి, ముక్కలు తడిపి మెడకీ చంకల్లోనూ పెట్టాను. వేడెక్కగానే తీసి మళ్లీ తడిపాను. తాత నీళ్లు తెస్తూనే ఉన్నాడు. మూడోసారి ఆయన్ని మెట్ల మీదే ఆపేసి, నేను దిగి తెచ్చాను, తాతని కూడా పడుకోబెట్టాల్సి వస్తుందేమోనని. నీలంబట్ట నల్లబడి బల్లకి అతుక్కుపోయింది. నీళ్లు అంచుల్లోంచి కారి కుట్టుమిషన్ల కిందికి పోయాయి. నేను ఏడుస్తూ, తిడుతూ తడిపాను. "వరుగైపొమ్మన్నానని నిజంగా అయిపోతావా? నా మాట ఎప్పుడు విన్నావని ఇప్పుడు వింటున్నావ్?" అని.

అంబులెన్సు వచ్చేసరికి కనురెప్పలు కదుపుతున్నాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ మా అక్కతో ఒకటే మాట అంది. "ఇంకో అరగంట ఆలస్యమైతే నేను వేరే మాట చెప్పాల్సి వచ్చేది. నీళ్లు పోసిందెవరు?" అక్క నా వైపు చూసింది. నేను నేల చూశాను. పొద్దున ఏమన్నానో అక్కకి అప్పటికింకా చెప్పలేదు.

ఆ సాయంత్రం బావ కళ్లు తెరిచి నన్ను చాలాసేపు చూశాడు. "టపాకాయా, బట్ట ఏమైంది?" అన్నాడు. అక్క నుదురు కొట్టుకుంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. బట్ట అడిగినందుకు కాదు, పేరు గుర్తున్నందుకు.

టీచరమ్మ నిష్ఠూరమాడలేదు. ఈ ఎండల్లో పిల్లల్ని గెంతించడం తనకే భయంగా ఉందని, ప్రదర్శన రెండు నెలలు వెనక్కి జరిపానని, ఈసారి పల్చటి నూలుబట్ట ఇస్తానని చెప్పి పంపింది.

పన్నెండో రోజున బావ కొట్టుకి వచ్చాడు. డాక్టరమ్మ ఆజ్ఞ ప్రకారం పొద్దున ఏడింటి నుంచి పదకొండు దాకా, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాతే పని. రేకుల మీద తాత ఎవరిచేతో తెల్ల సున్నం వేయించాడు. నేను గదంతా తుడిచాను గానీ బల్లని ఏం చెయ్యలేకపోయాను. చెక్క మీద నీటిమరక అలాగే ఉండిపోయింది. ఇంచుమించు మనిషంత మరక.

బావ దాని మీద అరచెయ్యి ఆనించి, భుజం దగ్గర నుంచి కాలి దాకా మెల్లగా నడిపించాడు. కొలత తీసుకుంటున్నట్టు. తిడతాడేమోనని చూశాను. నిజానికి తిడితే బాగుండుననుకున్నాను.

"బావా, ఆ రోజు పొద్దున నేనన్న మాట..."

"ఏం మాట?" అన్నాడు. గుర్తుందని ఆయన కళ్లు చెబుతూనే ఉన్నాయి. "కిందున్న కుండ పైకి తెప్పించు."

"ఎక్కడ పెట్టమంటావ్?"

వేలితో చూపించాడు. బల్ల మీద, కుడిచేతి వైపు, సుద్దముక్క పక్కన.

కుండ వచ్చింది. కొత్తబట్ట నాలుగు పొరలు పరిచాడు. ఫ్యాను తిరుగుతోంది. పొరలు కదలకుండా నాలుగు వైపులా తాత దగ్గర నుంచి తెచ్చిన పాత గోడగడియారాలు బరువు పెట్టాడు. ఒక గీత గీశాడు, తిన్నగా వచ్చింది. నేను గ్లాసు నింపి ఇచ్చాను. ఎత్తుతుంటే చెయ్యి ఇంకా కాస్త వణికి, పెద్ద చుక్క ఒకటి గీత మీదే పడింది.

ఇద్దరం దాన్నే చూశాం. చుక్క బట్టలోకి ఇంకుతూ వెడల్పవుతోంది. భుజం మీద తువ్వాలు ఉంది. ఆయన చెయ్యి దాని వైపు వెళ్లలేదు. కళ్లు ఆ చుక్క మీదే ఉంచి, గ్లాసు అడుగంటా తాగాడు. తాగి నా వైపు చాచాడు.

"ఇంకోటి పొయ్యవే టపాకాయా" అన్నాడు.