రిసీవరు మీద రుమాలు

అత్తగారు రోజూ ఫోను తుడిచేవారు. అగ్గిపుల్లకు దూది చుట్టి, రిసీవరు చిల్లుల్లో దుమ్ము తీసేవారు. ఏ పనైనా ఒక పూట వాయిదా వేసేవారేమో గానీ, ఈ పని మాత్రం మానేవారు కాదు. వీధి చివర నాణెం వేసి మాట్లాడే ఫోనంటే ఆవిడకు ఒళ్లుమంట.

"ఊరందరి ఉమ్మీ దాంట్లోనే ఉంటుంది. ప్రాణం మీదికొచ్చినా నా చెవికి ఆనించను," అనేవారు.

ఆ రోజులు తలుచుకుంటే కోడలికి మొదట గుర్తొచ్చేది ఆ అగ్గిపుల్లే. ఇప్పుడు నెట్ గాలిలాగా ఇల్లంతా ఉంటుంది, ఉన్న సంగతే ఎవరికీ పట్టదు. అప్పట్లో అది పెద్దింటి చుట్టంలా వచ్చేది. ఉన్న ఒక్క ఫోను తీగ మీదే రావాలి. కీచుమని, గరగరమని, బోలెడంతసేపు గొంతు సవరించుకుని, బుద్ధి పుడితే లోపలికి అడుగుపెట్టేది. అది ఉన్నంతసేపూ ఎవరైనా ఫోను ఎత్తారా, అలిగి వెళ్లిపోయేది. అందుకే కోడలు రిసీవరు మీద పచ్చ రుమాలు కప్పేది. రుమాలుంటే ముట్టుకోకూడదని ఇంట్లో కట్టుబాటు.

అయినా అత్తగారి చెయ్యి ఊరుకునేది కాదు. రుమాలు తీసి, రిసీవరు ఎత్తి, ఆ రొద విని, "ఎవరండీ? కాస్త గట్టిగా చెప్పండి, వినపడట్లా!" అని అరిచేవారు.

"అత్తయ్యా! అది మనిషి కాదు, మిషను!"

"మిషనైతే మాత్రం? పలకరిస్తే అలా మీదపడి కరవడమేనా? మర్యాదుండక్కర్లా?"

కోడలి పని వినడం, టైపు చేయడం. ఎక్కడో సముద్రాల అవతల డాక్టర్లు రోగుల సంగతులు చెప్పి రికార్డు చేస్తే, ఆ గొంతులు తీగ మీద ఈ ముందుగదిలోకి వచ్చేవి. ఆమె అవి విని, టైపు చేసి, తిరిగి పంపేది. ఇల్లు కదలకుండా జీతమొచ్చే పని ఒకటుంటుందంటే ఆ వీధిలో ఎవరూ నమ్మలేదు. "పొద్దస్తమానం ఎవరి రోగాలో వింటూ కూర్చుంటుందట!" అని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. కోడలికి మాత్రం అది మొదటి సొంత సంపాదన.

అత్తగారి పలకరింపుల పుణ్యమా అని ఫైళ్లు ఆలస్యమవుతూ వచ్చాయి. ఆ రోజుది ఐదింటిలోగా చేరకపోతే ఇక పని ఇచ్చేది లేదని కంపెనీ తేల్చి చెప్పేసింది. సరిగ్గా ఆ రోజే ఆసుపత్రిలో అత్తగారి చెల్లెలికి ఆపరేషను. "అవగానే ఫోను చేస్తా పెద్దమ్మా," అని చెల్లెలి కొడుకు అన్నాడు.

కోడలు ఫైలు పంపడం మొదలుపెట్టి రుమాలు కప్పింది. తెర మీద నీలం గీత చీమనడక నడుస్తోంది. అత్తగారు ఫోను పక్కనే కుర్చీ వేసుకున్నారు.

"ఎంతవరకొచ్చింది?"

"సగం, అత్తయ్యా."

"ఇందాకా సగమే అన్నావుగా."

"ఇది కాస్త పెద్ద సగం."

ఇంకోరోజైతే ఆవిడ పకపకా నవ్వేవారు. ఆ రోజు రుమాలు అంచు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు.

"వాడు చేస్తూనే ఉంటాడు. ఎంగేజ్ అని వస్తుంటుంది. సూది మందంటేనే ఇల్లు పీకి పందిరేసేది మా చెల్లి. ఎలా ఉందో ఏమో..."

కోడలు గడియారం వైపు చూసింది. ఇప్పుడు తెంపితే మళ్లీ మొదటినుంచీ పంపాలి, ఐదు దాటిపోతుంది. పని పోయినట్టే. కానీ అత్తగారు రుమాలు అంచును వదలకుండా మెలిపెడుతూనే ఉన్నారు.

"తీసేస్తానత్తయ్యా, మీరు మాట్లాడండి," అంటూ తీగ మీద చెయ్యి వేసింది.

అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని ఆపారు. నీలం గీత వంక కాసేపు చూశారు. తరవాత కోడలి మొహంలోకి చూశారు. లేచి, పక్కకు జారిన రుమాలును రిసీవరు మీద సర్దారు. చిల్లర డబ్బాలోంచి గుప్పెడు నాణేలు తీశారు. ఆసుపత్రి నంబరు రాసిన చీటీ, అగ్గిపెట్టె, చిన్న దూది ఉండ సంచిలో వేసుకున్నారు. చెప్పులు తొడుక్కుని, చప్పుడైతే ఆ గీత ఎక్కడ ఆగిపోతుందో అన్నట్టు తలుపు మెల్లగా దగ్గరకు లాగి, వీధి చివరికి నడిచారు.