ఒలీవ్ ఫిదేల్ లుబెన్

మా ఊళ్ళో ఇంటిపేరు ఎవరికీ అక్కరకు రాదు. మూడువందల ఏళ్ళ కిందట ఫ్రాన్స్ నుంచి పడవెక్కి వచ్చిన దెవో ఇంటిపేరున్న ఒకే ఒక్కడి సంతానం మేమంతా. అందుకే కెనడాలోని కేప్ బ్రెటన్ తీరంలో ఈ కొసన తాత పేరు, తండ్రి పేరు, ఆపైన సొంత పేరు కలిపి పిలుచుకుంటాం. నేను పోలిత్ ప్లాసీద్ జర్మెన్‌ని. చర్చిలో పాత రిజిస్టర్లు చూసుకునే పని నాది.

లాబ్‌స్టర్ల వేట ముగిసిన వారం లుబెన్ మామ నా దగ్గరికి వచ్చాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, టోపీ చేతిలో నలుపుతూ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నాన్న సమాధి మీద కొయ్య శిలువ విరిగి పడింది జర్మెన్. రాయి పెట్టిద్దామని."

"మంచిదేగా మామా."

"ఆ శ్మశానంలో ఫిదేల్ దెవోలు నలుగురున్నారు. ఎవరి ఫిదేలో చెక్కించాలి కదా. రాయి మీద కూడా ఆడపేరేనా?"

అతను ఒలీవ్ ఫిదేల్ లుబెన్. తాత చోట ఆడపేరున్నది ఊరు మొత్తమ్మీద అతనొక్కడికే. బడిలో పిల్లలు "మీ తాతకి మీసాలుండేవా, లంగా ఉండేదా?" అని ఏడిపించేవాళ్ళట. నానమ్మ ఒలీవ్‌కి పెళ్ళి కాలేదనే అతనూ నమ్మాడు. తండ్రి అసలే నోరు విప్పని మనిషి. ఇంకెవరినైనా అడగాలంటే సిగ్గు.

"ఎన్నడూ రిజిస్టరు చూడలేదా?"

"చూస్తే నిజమైపోతుందని భయం."

కుర్చీ జరిపి కూర్చోబెట్టాను. ఆ రోజుల్లో మగపిల్లలందరికీ ముందు జోసెఫ్, ఆడపిల్లలందరికీ ముందు మారీ అనే పేరు తగిలించేవాళ్ళు. పిలిచే పేరు చివర ఉంటుంది. ఆ జోసెఫ్‌ల మందలో వెతగ్గా వెతగ్గా 1890లో దొరికాడు. జోసెఫ్ ఫిదేల్. తల్లి మారీ ఒలీవ్. తండ్రి జోసెఫ్ యాసెంత్ దెవో. రెండేళ్ళు వెనక్కి వెళితే ఇద్దరి పెళ్ళీ కనబడింది. యాసెంత్‌ని పూడ్చిపెట్టింది లుబెన్ మామ పుట్టడానికి నాలుగేళ్ళ ముందే.

అతను ఆ వరుసల మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. "మరైతే ఈయన పేరెందుకు పోయింది?" అన్నాడు చివరికి.

అది రిజిస్టరులో ఉండదు. మర్నాడు ఇద్దరం జబెత్ అవ్వ ఇంటికి వెళ్ళాం. తొంభై నాలుగేళ్ళావిడ. ఒలీవ్ వాళ్ళ పక్కింట్లోనే పుట్టింది. ఫ్రికో, అంటే మా కోడి పులుసు, ఉడుకుతున్న కుండ మీంచి మూత తీస్తూ విషయం వింది.

"యాసెంతా! బంగారంలాంటి మనిషి. కానీ మాట్లాడాలంటే చచ్చేంత బిడియం. ఎవరు తలుపు తట్టినా 'ఒలీవ్‌ని అడగండి' అని దొడ్లోకి పారిపోయేవాడు. పడవ బేరమైనా, పిల్లల పేర్లయినా, అంతా ఆవిడే. ఇక ఆ ఇల్లు ఒలీవ్ వాళ్ళిల్లు కాక ఏమవుతుంది?"

"అంతేనా?" అన్నాడు లుబెన్ మామ.

"ఇంకేం కావాలిరా నీకు?"

అతను నవ్వలేదు. లేచి బయటికి వెళ్ళి ట్రక్కులో కూర్చున్నాడు. నేను వెళ్ళేసరికి స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి ఉన్నాడు.

"అరవై ఏళ్ళు తల దించుకున్నా జర్మెన్. బడిలో ఒకడి పన్ను కూడా ఊడగొట్టా. ఇదా సంగతి?"

"లోపలికి రా మామా. ఫ్రికో చల్లారిపోతోంది."

కాసేపటికి వచ్చాడు. రెండు గిన్నెలు తిన్నాడు.

ఆగస్టులో రాయి వచ్చింది. 'ఒలీవ్, యాసెంత్‌ల కొడుకు ఫిదేల్' అని చెక్కించాడు, తల్లి పేరే ముందు.

ఇప్పుడు ఆదివారం పూజ అయ్యాక జబెత్ అవ్వ దగ్గరికి వెళ్ళి కూర్చుంటాడు. మొన్న దారిలో నన్ను ఆపి మరీ చెప్పాడు. యాసెంత్ మనుషులతో మాట్లాడేవాడు కాదు గానీ, పొలంలో గుర్రంతో మాత్రం పొద్దస్తమానం కబుర్లు చెప్పేవాడట.