డిక్కీ తీగ

నరసన్నపేట మెయిన్ రోడ్డు మీద జగన్నాధానికి ముప్పై ఏళ్ళుగా ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. బండి చప్పుడు వింటే చాలు, జబ్బు చెప్పేస్తాడని పేరు. ఆ పేరు నిజమే గానీ, నెల రోజులుగా అతనికే ఒక జబ్బు పట్టుకుంది. పని చేసుకుంటూ ఉంటే వెనకాల ఎక్కడో టక్‌మని డిక్కీ లాకు విడిన చప్పుడు వినిపిస్తుంది. తిరిగి చూస్తే అక్కడ బండే ఉండదు. భార్య మరిడమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. దిష్టయితే తీస్తే పోతుంది, చేసిన తప్పు తీస్తే పోతుందా?

ఆ కార్తీక సోమవారం పొద్దున్న బట్టల షావుకారు నగరేశ్వరరావు గారి తెల్ల కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆయన పోయి మర్నాటికి నెల. బండి తోలుకొచ్చిన గంగులు టీ బడ్డీకి పోయాడు. షావుకారు భార్య హైమ వెనక సీటు దిగి, ముందుకొచ్చి భర్త కూర్చునే చోట కూర్చుంది. మాసికం కాకుండా ఒకరి గడప తొక్కకూడదని ఇంట్లో పెద్దల మాట. అందుకని చెప్పదలచుకున్నది కిటికీలోంచే చెప్పింది.

ఆ రోజు శ్రీకాకుళం నుంచి వస్తూ మడపాం వంతెన దాటాక ఆయనకి గుండెల్లో పట్టేసిందట. బండి పక్కకి తీశాడు. నాలిక కింద పెట్టుకునే మాత్రలు డిక్కీలోని సంచిలో ఉన్నాయి. తాళం కన్నం ఉప్పుగాలికి ఏనాడో తుప్పు పట్టిపోయింది కాబట్టి, సీటు పక్కన బటన్ నొక్కితేనే డిక్కీ తెరుచుకోవాలి. హైమ పరుగున వెనక్కి వెళ్ళి నిలబడింది. డిక్కీ తెరుచుకోలేదు. రేకు బాదింది, అరిచింది. ముందుకొచ్చి చూసేసరికి ఆయన తల స్టీరింగు మీద ఉంది. ఆ తరవాత ఆ డిక్కీ జోలికి ఎవరూ పోలేదు.

"నాను ఆయనతో అన్న ఆకరి మాటేటో తెలుసా జగన్నాధం? బటన్ నొక్కడానికి కూడా బద్ధకమేటి మీకు, అన్నాను. పొద్దున్నే ఇంటికాడ తగువాడుకున్నాం. కోపంతో నొక్కలేదో, నొక్కినా రాలేదో నాకు తెలియాల. బండి సూసి సెప్పు."

చూడ్డానికేముంది? అది జగన్నాధం చేతిపనే.

దసరా పూజ నాడు షావుకారు వచ్చాడు. గతుకు పడితే చాలు, డిక్కీ దానంతటదే తెరుచుకుపోతోందన్నాడు. టెస్టు లాంపు, కటింగ్ ప్లేయరు, టంకం వేసే కడ్డీ, అన్నీ అప్పటికే కుంకం బొట్లతో అమ్మవారి పటం ముందున్నాయి. పూజలో పెట్టిన పనిముట్టు మర్నాటిదాకా ముట్టకూడదు. తండ్రి నాటి నుంచి అదే కట్టుబాటు. చూస్తే డిక్కీ మూత బందు దగ్గర తీగ ఒరుసుకుపోయి ఉంది. మరమ్మతుకి చెయ్యి రాదు, షావుకారుని ఉత్తినే పంపడానికి మనసు రాదు. గడ్డం గీసుకునే బ్లేడుతో తీగ తెంపేసి, తోరణాలకి తెచ్చిన ఎర్ర టేపు చుట్టాడు. ఇక తెరుచుకోదు బాబూ, సోమవారం తెండి, కొత్త తీగ వేస్తాను, అన్నాడు. అప్పటిదాకా బటన్ పనిచెయ్యదని చెప్పాడా? ఆ ఒక్క మాట దగ్గరే జగన్నాధానికి నెల రోజులుగా నిద్ర లేదు. సోమవారం రాకముందే, ఆదివారం నాడు షావుకారు పోయాడు.

తెలిసిన జబ్బుకే వైద్యుడిలా నాడి పట్టాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. బ్యాటరీ బాగుంది. బటన్ ఊడదీసి చేతిలోకి తీసుకున్నాడు. గట్టి ప్లాస్టిక్కు, నడిమికి రెండుగా చీలి ఉంది. ఎంత నొక్కితే అది అలా చీలుతుందో అతనికి తెలుసు. చటుక్కున చొక్కా జేబులో పడేసి, పాత సామాన్లలోంచి ఇంకోటి తెచ్చి బిగించాడు.

వెనక సీటు ఊడదీసి డిక్కీలోకి పాకాడు. లోపల నెల నాటి గాలి, కొత్త బట్టల గంజి వాసన. చీకట్లో ఏదో భుజానికి తగిలి గలగలమంది. మాత్రల సంచి. టార్చి వేస్తే ఎర్ర టేపు కళ్ళెదుటే ఉంది. అది తీసేసి కొత్త తీగ వేస్తే ఎవరికి తెలుస్తుంది? ఊళ్ళో పేరు నిలుస్తుంది. తీసేశాడు. కొత్త తీగ వేసి, టంకం పెట్టి, రెండుసార్లు లాగి చూసి బయటికొచ్చాడు. ఆ రోజు హైమ నిలబడ్డ చోటే, బండి వెనకాల నిలబడ్డాడు.

"నొక్కండమ్మా."

టక్. మూత మెల్లగా పైకి లేచింది.

"అయితే బాగానే ఉన్నాది. ఆయన నొక్కలేదన్నమాట," అంది హైమ. గొంతులో ఏడుపు కూడా లేదు. బతికున్నన్నాళ్ళూ ఇక ఈ మాటతోనే కాపరం చేస్తుందని జగన్నాధానికి అర్థమైంది. కిటికీ దగ్గరికి నడిచి, చీలిన బటనూ ఎర్ర టేపూ ఆమె చేతిలో పెట్టాడు.

"నొక్కేరమ్మా. ఇది పగిలేదాకా నొక్కేరు. తీగ తెంపినోణ్ణి నాను."

పూజ సంగతి, బ్లేడు సంగతి అంతా చెప్పాడు. హైమ తిట్టలేదు. చీలిన బటన్ మీద తన బొటనవేలు పెట్టి చూసుకుంది. "నొక్కేరు," అంది తనలో తనే. అప్పుడు ఏడ్చింది. ఏడిచి, కళ్ళు తుడుచుకుని, "రేపు మాసికం. వచ్చి ఈ మాట ఆయన పటం ముందర సెప్పు," అంది.

మర్నాడు జగన్నాధం వెళ్ళాడు. బంధువులంతా వింటూ ఉండగా పటం ముందు చేతులు కట్టుకుని, ఏదీ దాచకుండా చెప్పాడు. ఆఖరి మాట నోట్లో ఉండగానే వీధిలో టక్‌మంది. వాకిట్లోంచి చూస్తే కారు డిక్కీ మూత మెల్లగా లేస్తోంది. బండి దగ్గర పురుగన్నది లేదు. తాళాలు హైమ కొంగుకి ముడేసి ఉన్నాయి.

అందరూ జగన్నాధం వైపు చూశారు. బండి జబ్బులు చెప్పేవాడు అతనే మరి. కొత్త తీగ, గట్టి టంకం, రెండుసార్లు లాగి చూసిన అతుకు.

హైమ పటం మీంచి చూపు తిప్పకుండానే అంది.

"ఎల్లి మూసిరా, జగన్నాధం. ఈసారి తీగ తెంపకు."