పోచమ్మ ఆకలి

ప్రసూన ఆకలితో చచ్చిపోయింది. ఆ పూట ఇంట్లో కుండ నిండా బెల్లపన్నం ఉంది.

ఆ రోజు పోచమ్మ బోనాలు. ఏడో నెల కడుపుతో ఉన్న ప్రసూన పొద్దున్నే లేచి ఇల్లు అలికి, బోనం కుండకు సున్నం, పసుపు పూసింది. కడుపుతో ఉండగా షుగర్ వచ్చిందని సిద్దిపేట దవాఖానలో ఆమెకు ఇన్సులిన్ సూది రాశారు. సూది వేసుకున్నాక తినడం ఆలస్యం చేయవద్దని, చెమటలు పట్టినా చేతులు వణికినా వెంటనే చక్కెర నీళ్లు తాగాలని నర్సు చెప్పింది. పక్కనే ఉన్న అత్త కొండవ్వ చెవికి ఒక్క మాటే ఎక్కింది. తీపి ముట్టొద్దు.

తొమ్మిదింటికి బోనాలు లేచి గుడికి కదులుతాయన్నారు. తల్లికి పెట్టగానే తినొచ్చని ప్రసూన సూది వేసుకుంది. కానీ సర్పంచ్ ఇంటి బోనం ముందు నడవాలి. ఆ ఇంటి కోడలు హైదరాబాద్ నుంచి కారులో వస్తోంది. ఊరంతా ఆ కారు కోసం ఎండలో నిలబడింది.

"అత్తమ్మా, కండ్లు తిరుగుతున్నయ్. ఇంత బెల్లపన్నం పెట్టు."

"తల్లికి పెట్టకముందే ఎంగిలి జేస్తవా?"

"పోనీ, చాయల ఇంత చక్కెర ఏసియ్యి."

"షుగర్ ఉన్నదానివి చక్కెర అడుగుతవా? దవాఖానల చెప్పంగ నేను ఇనలేదనుకున్నవా?"

పక్కింటి బాలవ్వ నవ్వింది. "గీ కాలం పోరిలకు జర ఓపిక లేదు. మేం నొప్పులొచ్చేదాంక నాట్లేసినం."

ప్రసూన గోడకు ఆనుకొని కూర్చుంది. జాకెట్టు తడిసిపోయింది. చేతులు వణికాయి, తల ఊగింది, మాట ముద్దయింది.

"పోచమ్మ మీదికొచ్చిందే," అంది బాలవ్వ.

కొండవ్వ కోడలి నొసట బండారి పసుపు పూసి, చేతిలో వేపమండ పెట్టింది. డప్పులు వాకిట్లోకి వచ్చాయి. ఆడవాళ్లు మొక్కి, వానలు ఎప్పుడు పడతాయని అడిగారు.

"ఆకలైతుంది," అంది ప్రసూన.

"తల్లి ఆకలంటున్నది. బోనాలు జల్ది లేపున్రి," అని కొండవ్వ కేకేసింది.

కోడి కోసం పోయిన భర్త రాజనర్సు తిరిగొచ్చేసరికి ప్రసూన నేల మీద కొట్టుకుంటోంది. ఆటోలో సిద్దిపేటకు తీసుకుపోయాడు. గ్లూకోజు ఎక్కించారు. ఆమెకు తెలివి రాలేదు. కడుపులో బిడ్డా దక్కలేదు.

దినం నాడు కులపెద్ద సిద్ధయ్య అతని పక్కన కూర్చున్నాడు. "నీ పెండ్లాం మామూలు మనిషి కాదురా. తల్లి తీస్కపోయింది. ఆమె పేరు మీద గద్దె కడదాం. సర్పంచ్ సిమెంటు ఇస్తనన్నడు."

"ఊ అను బిడ్డా," అంది కొండవ్వ.

"కట్టేది లేదు," అన్నాడు రాజనర్సు. "అది అన్నం అడిగింది. మీరు పెట్టలే. గంతే అయింది. గీ ముచ్చట ఇగ నన్ను అడగద్దు. నేను జెప్ప."

ఆ తర్వాత ఆ సంగతి అతని నోట రాలేదు. అడిగినవాళ్లను గడప దిగమన్నాడు, తల్లినైనా సరే.