తొట్టి మీద బొట్టు

సీసం గురించి ప్రొఫెసర్ కామేశ్వరరావుకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని అందరూ అనేవారు. ఆయనా కాదనేవాడు కాదు. పాత బ్యాటరీల్లోని సీసాన్ని కొలిమిలో కరిగించకుండా, పొగ లేకుండా, యాసిడ్ తొట్టిలో తీసే పద్ధతి కోసం పదిహేనేళ్లు ల్యాబులోనే పడి ఉన్నాడు. తోటివాళ్లు డీన్లయ్యారు, ఈయనకి జుట్టు నెరిసింది.

చివరికి తొంభై ఆరులో పాశమైలారం దగ్గర ఒక ఫ్యాక్టరీ ఆ పద్ధతి పెడతానంది. పొగొస్తుందని ఊరివాళ్లు అడ్డం తిరిగితే కామేశ్వరరావే వెళ్లి నచ్చజెప్పాడు.

"పొగ రాదమ్మా, నాది పూచీ," అని గోడ పక్కనే పొలమున్న రాజవ్వకి మాటిచ్చాడు.

"సదువుకున్నోనివి. నీ మాట మీదనే ఊకుంటున్న సారు," అందామె.

ఆ దసరాకి ఆయుధపూజలో కొత్త తొట్టి మూతకి పసుపు రాసి, కుంకుమ బొట్టు ఆయనే పెట్టాడు. పెళ్లికొడుకులా మురిసిపోయాడు పిచ్చిమారాజు.

మరుసటి దసరాకి మళ్లీ పిలిచారు. గేటు దగ్గర రాజవ్వ కాచుకుని ఉంది. కొంగు విప్పి చిక్కుడాకులు చూపించింది. వాటి నిండా నల్లటి నుసి.

"గిదేంది సారు? ఒక బర్రె సచ్చె, ఇంకోటి లేస్తలేదు. పొగ రాదంటివి గద!"

"ఎక్కడో పొరపాటు జరిగింది, ఇప్పుడే చూస్తాను," అంటూ లోపలికి పరుగెత్తాడు.

తొట్టి మూత మీద నిరుడు తను పెట్టిన బొట్టు కాస్త వెలిసినా పెట్టినట్టే ఉంది. రోజూ ఎత్తి దించే మూత మీద, యాసిడ్ ఆవిరికి, బొట్టు వారం కూడా నిలవదు. అంటే ఏడాదిగా ఆ మూత ఎత్తనేలేదు. వెనక రేకుల షెడ్డులో పాతరకం కొలిమి, పండక్కి ఆపినా, ఇంకా వేడిగానే ఉంది.

"తనిఖీవాళ్లకి మీ తొట్టే చూపిస్తాం సార్. మీ పేరు చెబితే ఇక వెనక్కి వెళ్లి చూడరు," అన్నాడు యజమాని, మెచ్చుకుంటున్నట్టే.

కామేశ్వరరావుకి ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్ల చాకిరీ వీళ్లకి దిష్టిబొమ్మయింది! జేబురుమాలు తీసి ఆ బొట్టు తుడిచేశాడు. పండగపూట ఇదేం పనని కార్మికులు బిత్తరపోయారు.

"పెద్దాయనకి ఒంట్లో బాగున్నట్టు లేదు," అని యజమాని పక్కకి చూశాడు. అక్కడ కుంకుమ పళ్లెం పట్టుకుని నరసింహమూర్తి ఉన్నాడు. కామేశ్వరరావు దగ్గరే చదువుకుని, అదే కాలేజీలో లెక్చరరైన శిష్యుడు. గురువు మొహం చూడకుండా వంగి, తుడిచిన చోటే కొత్త బొట్టు పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

బయట రాజవ్వ ఇంకా నిలబడే ఉంది. ఆయన రుమాలుకి అంటిన కుంకుమ కేసి చూసింది.

"పూజ మంచిగైందా సారు?" అని అడిగింది.