ఏడో నోరు

రెండు చేతుల్లో రెండు సీసాలు. మెడలు పట్టుకుని తలకిందులు చేసి, గిర్రున తిప్పి, టక్కున ఆపాడు. తెల్లటి లైటు పెట్టె ముందు లోపలి మందు ఇంకా తిరుగుతోంది. దానితోపాటు తిరిగితే నలుసు, తిరగకపోతే గాజు మీది మచ్చ. ఇరవై ఆరేళ్ళుగా అతనికి తెలిసిన వేదాంతం ఇంతే. ఎడమ భుజం కాస్త ఒరిగింది, కళ్ళ చుట్టూ ఎర్రటి గీతలు స్థిరపడ్డాయి. కంపెనీలో అందరూ గద్ద అంటారు. అసలు పేరు జీతం కాగితానికే తెలుసు.

ఆ సీసాల్లోది ఒక్క చుక్కైనా అతను ఎరగడు. "తాగని మొగుణ్ణి ఇవ్వవయ్యా అంటే, దేవుడు మందు కంపెనీలో వెతికి మరీ ఇచ్చాడు" అని భార్య ఎకసెక్కం. నిజానికి అతనికి తాగాలని లేదు. ఎలా ఉందని ఎవరైనా అడిగితే చాలు.

కొత్త సరుకు గేటు దాటేముందు ఏడుగురు పనివాళ్ళకు రుచి చూపించడం అక్కడి ఆచారం. పేర్ల చీటీలు టోపీలో వేసి తీస్తారు. ఇన్నేళ్ళలో రాని అతని చీటీ నిన్న వచ్చింది. అదీ ఎవరి సరుక్కి? పరుగు పందేలతో దేశాన్నంతా టీవీల ముందు నిలబెట్టిన అమ్మాయి, "చిరుత", సొంతంగా తెస్తున్న మూడు రకాలకి! రేపే విడుదల. పొద్దున్నుంచీ అతనికి కాలు నిలవడం లేదు. మూడుసార్లు తల దువ్వాడు, దువ్వడానికి అక్కడ పెద్దగా ఏమీ లేకపోయినా.

"ఏం గద్దా, పెళ్ళికొడుకు కళ వచ్చేసింది! ఒక్క గుక్కకే పడిపోకు, మోసే ఓపిక లేదు మాకు," అంది లేబుళ్ళ మిషను దగ్గరి అక్క.

"పడితే నీ మిషన్లోనే పడతాలే. లేబులేసి ఇంటికి పంపించెయ్."

మూడింటికి క్యాంటీన్లోకి చిరుత వచ్చింది. టీవీలో కంటే చిన్నగా ఉంది, మోకాలికి పట్టీ. అతని గుండె డప్పు కొట్టింది. బల్ల మీద గ్లాసులు: అల్లం వాసనది, నిమ్మతొక్కది, కాఫీరంగుది. ఆరు నోళ్ళూ ఆహా ఓహో అన్నాయి. బాయిలరు మనిషైతే, "ఇంకోటి పోస్తే కచ్చితంగా చెప్తానమ్మా" అన్నాడు.

ఏడో నోటి వంతు. అల్లం గ్లాసు చేతికొచ్చింది. పెదవి దగ్గరికి పోవాల్సిన గ్లాసు అలవాటుకొద్దీ కిటికీ వెలుగులోకి లేచింది. గిర్రున తిప్పాడు, ఆపాడు. సన్నటి తెల్ల పోగు ఒకటి తిరుగుతూ ఉంది.

నోరు మూసుకుని తాగితే, ఎలా ఉందని అడుగుతారు. నోరు తెరిస్తే ఇంకెవరూ ఏమీ అడగరు.

"ఇది బయటికి పోకూడదమ్మా, నలుసుంది," అన్నాడు.

"ఏమయ్యా, నిన్ను పిలిచింది తాగడానికి! చూడ్డానికి కాదు!" మేనేజరు మొహం మాడిపోయింది.

చిరుత కుంటుకుంటూ వచ్చి గ్లాసు అందుకుంది. అతను తిప్పినట్టే తిప్పి ఆపింది. పోగు ఆవిడకూ కనబడింది.

"వడపోత గుడ్డ పీచమ్మా. ఒక గ్లాసులో ఉందంటే తొట్టంతా ఉన్నట్టే."

"అల్లం రకం రేపు వద్దు, ఆపేయండి," అందావిడ మేనేజరుతో. తర్వాత కాఫీరంగు గ్లాసు ఇతని చేతిలో పెట్టింది. "దీన్ని కూడా చూడండి బాబాయ్. బాగుంటే తాగండి. తాగి, ఎలా ఉందో చెప్పండి."

చూశాడు. తాగాడు. గొంతు మండింది, కళ్ళు చెమ్మగిల్లాయి. క్యాంటీనంతా అతని నోటికేసే చూస్తోంది.

"ముందు తిట్టినట్టుందమ్మా," అన్నాడు. "ఆ తర్వాత... పేరుపెట్టి పిలిచినట్టుంది."

చిరుత మోకాలు పట్టుకుని మరీ నవ్వింది.

సాయంత్రం గుమ్మంలోనే భార్య ముక్కు ఎగబీల్చింది. "వాసనొస్తోంది!"

"రావాలి మరి! నన్నడిగారే!"

చొక్కా అయినా విప్పకుండా, మేనేజరూ తానే, చిరుతా తానే అయి గదంతా తిరుగుతూ ఆడి చూపించాడు. కుంటడం కూడా వదల్లేదు. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వింది.

"మళ్ళీ చెప్పండి, బాబాయ్ అందా?"

"కాస్త కాఫీ పెట్టు, మొదట్నుంచీ చెప్తా," అంటూ కుర్చీలో కూలబడి నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"అందరి ముందే అడిగిందా?" అంది వంటింట్లోంచి. జవాబు లేదు. ఒక్కపూటకే ఎంత బిగువో అనుకుని, చక్కెర కలుపుతూ వచ్చి, కప్పు స్టూలు మీద పెట్టింది. అతని కళ్ళు దీపం వైపే ఉన్నాయి. దేన్నీ వెతకడం లేదు.

ఆవిడ అతని భుజం పట్టి కుదిపింది. మళ్ళీ కుదిపింది. తల పక్కకి వాలిపోయింది.

స్టూలు మీది కప్పులో కాఫీ ఇంకా నెమ్మదిగా తిరుగుతూనే ఉంది.