గడ్డి టైరు

మనువు అడగబోయేవాడు బస్సెక్కి పోవాలి. భీమ్లా ఆ మాట చెప్పనే చెప్పాడు. పర్వతాలు వింటేగా. బస్సులో తెల్లచొక్కా నలుగుతుందని పాలకీడు నుంచి కాలువకట్ట మీదుగా సైకిల్ తీశాడు. వెనక క్యారియర్ మీద భీమ్లాను ఎక్కించుకున్నాడు. మనువు మాట ఎవరికి వాళ్లు అడుక్కోకూడదు, తరఫున ఒక పెద్దమనిషి మాట్లాడాలి. ఆ పెద్దమనిషి వడ్లబస్తా అంత బరువుండకూడదని మాత్రం ఏ ఆచారమూ చెప్పలేదు.

నలభై దాటిన పర్వతాలుకు పెళ్లాం పోయి చాలాకాలమైంది. ఇదివరకు రెండుచోట్ల అడిగించాడు. ఒకచోట ఇల్లు కురుస్తుందన్నారు. రెండోచోట వాళ్లు ఇల్లు దాకా రాలేదు, మొహం దగ్గరే ఆగిపోయారు. ఈసారి నేరేడుచర్ల అవతల ఉండే కాటమ్మ. మొగుడు పోయాక రెండు బర్రెలు పెట్టుకుని ఒంటరిగా నెట్టుకొస్తోందని విన్నారు తప్ప, ఇద్దరిలో ఎవరూ ఆమెను చూడలేదు. ఇదీ తప్పిపోతే ఇంక నీకోసం ఎవరి గడపా తొక్కనని తండాలో నలుగురి ముందు భీమ్లా ఒట్టేశాడు.

దేవుడు కొందరికి మిద్దె ఇస్తాడు, కొందరికి పెళ్లాన్ని ఇస్తాడు. పర్వతాలు గుర్తుకొస్తే మాత్రం పంక్చర్ ఇస్తాడు. ముందు చైను ఊడింది. ఎక్కించేసరికి చేతులు నల్లబడ్డాయి, చేతులతోపాటు చొక్కా కూడా. నేరేడుచర్ల దాటి కాటమ్మ ఊరు దగ్గరపడ్డాక సర్కారుతుమ్మ ముల్లు వెనకటైరులో దిగింది.

"దిగన్నా," అన్నాడు పర్వతాలు.

"దిగుతగని, మల్ల ఎక్కుడుంటదా?"

రబ్బరు ముక్క ఉంది. దాన్ని అతికించే సొల్యూషనే ట్యూబులో ఎండి రాయైంది. పళ్లతో పిండినా రాలేదు.

"ముందుగాల సొల్యూషన్ సూసుకోకుండ మనువుకు బయలెల్లినవ్," అన్నాడు భీమ్లా. "నిన్ను గాదు, నీ ఎన్క ఎక్కిన నన్ను కొట్టాలె."

కట్ట కింద పొలంలో గడ్డివాము ఉంది. ట్యూబు పీకేసి టైరు నిండా వరిగడ్డి కుక్కితే ఊరు దాకా లాగొచ్చు. అది ఆ దారిన తిరిగే పాలవాళ్ల వైద్యం. వాము పైగడ్డి వానకు నానింది. పొడిది కావాలని పర్వతాలు అడుగునుంచి పీకాడు. ట్యూబు తీసేసిన టైరులో కుక్కుతూ, పీకేకొద్దీ బాగా వస్తోందని ఇంకా పీకాడు. వాము ఒకపక్కకు ఒరిగి, నీడకని ఆనుకుని కూర్చున్న పెద్దమనిషి మీద మెల్లగా కూలింది.

గట్టు మీద గడ్డి కోస్తున్న ఒకామె కొడవలి పట్టుకుని వచ్చింది.

"ఏ ఊరోల్లు?"

"పాలకీడు," అన్నాడు పర్వతాలు.

"ఆడ గడ్డి దొరకదా?"

గడ్డిలోంచి భీమ్లా తల బయటపెట్టాడు. "చెల్లె, జర ఆగు. మంచిపని మీద పోతున్నం. మీ ఊళ్లె కాటమ్మను ఈయనకు మనువడగాలె."

"కాటమ్మ ఎసొంటిదో ఎరికేనా?"

"పని మంచిదట. నోరే జర కర్కశమట. ఈయనదేం తక్కువ గాదులే, సరిపోతది."

"గా కాటమ్మను నేనే. గీ వాము నాదే."

భీమ్లా తల మళ్లీ గడ్డిలోకి పోయింది. ఇంక అయిపోయిందనుకున్నాడు పర్వతాలు. పారిపోదామన్నా సైకిల్‌కు ట్యూబు లేదు. చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, కూలిన గడ్డిని ఎత్తడం మొదలుపెట్టాడు. తడిసింది ఎండకు పరిచాడు, పొడిది కట్టలుగా పేర్చి పైకెక్కి తొక్కాడు. కాటమ్మ గట్టు మీద కూర్చుని చూసింది.

"తాగుతవా?" అని కింది నుంచే అడిగింది.

"తాగుత."

"ఎంత?"

"పోసేటోన్ని బట్టి ఉంటది."

"ఇల్లుందా?"

"ఉంది. వానొస్తే లేదు."

భీమ్లా తల పట్టుకున్నాడు. "తమ్మీ, నేను మాట్లాడుతగని నువ్ నోర్మూసుకో."

"నువ్వే మూసుకో అన్నా," అంది కాటమ్మ. "ఇదివరకు ఒకడొచ్చిండు, మిద్దెలు మోటర్లు సెప్పిండు. పోయి సూస్తే అన్నీ వాళ్ల అన్నవే."

వాము నిలబడ్డది. ముందంత అందంగా లేదు గానీ నిలబడ్డది. పర్వతాలు కిందికి దిగి, చొక్కా తొడుక్కుని, టైరులో కుక్కిన గడ్డి పీకబోయాడు.

"అది ఉండనియ్," అంది కాటమ్మ. తాను కోసిన పచ్చగడ్డి మోపు తెచ్చి క్యారియర్ మీద పడేసింది. "ఇంటికాడ మా తమ్ముడుంటడు. అడిగేదేందో ఆని ముందట అడగండ్రి."

క్యారియర్ పోయిన పెద్దమనిషి వెనక కాలీడ్చుకుంటూ నడిచాడు. గడ్డి టైరు తాగినవాడిలా ఊగుతోంది, పర్వతాలు హ్యాండిల్ పట్టుకుని నడిపిస్తున్నాడు, కాటమ్మ మోపు జారకుండా ఒక చెయ్యి వేసింది. ఊరి మొదట్లో మణెమ్మ అనే ముసలామె ఎదురై, ఆ నల్లమరకల చొక్కాను ఎగాదిగా చూసింది.

"ఎవలే కాటీ, ఈయన?"

"మనువుకొచ్చిండు," అంది కాటమ్మ ఆగకుండానే. "సైకిలైతే దండగ. మనిషి పనికొచ్చేటట్టే ఉండు."